ఇంకుడు గుంతలో పోసింది ఎక్కడికి పోతుందమ్మా?

ప్రశ్న: నమస్కారమండి. గోదావరి డెల్టాలో ఒక యూనివర్సిటీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. వచ్చే నెల యూనివర్సిటీల నాణ్యత మదింపు చేసే నాక్ టీమ్ వస్తోంది. ఈలోగా స్టోర్ రూమ్‌లో ఉన్న పాత సీసాలన్నీ ఖాళీ చేయించమని హెచ్‌ఓడీ గారు చెప్పారు. రెండు వందలకు పైనే ఉన్నాయి. సగం వాటికి లేబుళ్లు చెమ్మకి ఊడిపోయాయి. కొన్నయితే నేను పుట్టకముందు కొన్నవట. ద్రవాలన్నీ బిల్డింగు వెనక ఇంకుడు గుంతలో పారబోసి, సీసాలు కడిగి పాత సామాన్లవాడికి ఇచ్చేయమన్నారు. మొన్న నేనూ అటెండరు గారూ కలిసి గాజు సామాను కడిగే నారింజ రంగు ద్రావణం రెండు సీసాలు అందులో పోసేశాం. తర్వాత చూస్తే హాస్టల్ బోరు ఆ గుంతకి ఇరవై అడుగుల్లోనే ఉంది. అప్పటినుంచి నాకు నిద్ర పట్టడం లేదు. చేయనంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఇంకో సంగతి. థర్మామీటరు పగిలితే మా ఆయమ్మ పాదరసాన్ని చీపురుతో చేటలోకి ఎత్తి చెత్తబుట్టలో వేస్తుంది. అది కూడా తప్పేనా? ఏం చేయాలో చెప్పండి.
— ఒక ల్యాబ్ అసిస్టెంట్

సమాధానం:

మీ భయంలో తప్పేమీ లేదమ్మా. ముందు ఆ పని ఆపేయండి. ఇంకొక్క సీసా కూడా గుంతలోకి వెళ్లకూడదు, ఒక్కటి కూడా పాత సామాన్లవాడి బండి ఎక్కకూడదు. ఇప్పటికే పోసిన రెండు సీసాల సంగతి చివర్లో చెబుతాను. దానికీ దారి ఉంది.

నేను ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ ల్యాబుల్లో గడిపాను. ఒక కాలేజీలో పనిచేసే రోజుల్లో నైట్రిక్ ఆమ్లం మిగుళ్లు ఉన్న సీసాలో ఎవరో స్పిరిట్ పోసి మూత బిగించి వెళ్లారు. మేమంతా భోజనానికి వెళ్లిన సమయంలో అది పేలింది. గాజు పెంకులు ఎదురు గోడలో దిగాయి. ఇంకో అరగంట ఆగి పేలి ఉంటే ఆ బల్ల దగ్గర ఇరవై మంది పిల్లలు ఉండేవాళ్లు. ఆ సీసా మీద పెన్సిల్‌తో 'వేస్ట్' అని ఒక్క ముక్కే రాసి ఉంది. లోపల ఏముందో తెలిస్తే అందులో స్పిరిట్ ఎవరూ పోసేవాళ్లు కాదు. అందుకే మీకు నేను చెప్పదలచుకున్నది ఇది: ఆ గదిని ఖాళీ చేయడం మీ పని కాదు, అందులో ఏముందో లెక్క రాయడం మీ పని. ఖాళీ చేసేవాళ్లు వేరే ఉన్నారు.

పారబోయడం ఎక్కడైనా తప్పే. మన నేల మీద ఇంకా పెద్ద తప్పు. వానాకాలంలో నాలుగు గునపం పోట్లు వేస్తే నీరు ఊరే చోటు మనది. ఇంకుడు గుంత తవ్వేదే పైన పడిన నీటిని భూమిలోకి దించడానికి. దానికి వాన నీరూ తెలీదు, ఆమ్లమూ తెలీదు, రెండింటినీ ఒకేలా కిందికి పంపుతుంది. సింకులో పోసినా అంతే. అది బోదెలో కలుస్తుంది, బోదె మురుగు కాలువలో కలుస్తుంది, ఆ నీరే చేపల చెరువుల్లోకి, రొయ్యల చెరువుల్లోకి చేరుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువలతోనే మన ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకుంటాం. ఎగువ ఊరి మురుగే దిగువ ఊరి తాగునీటి పక్కనుంచి పోతుంది. ఇక్కడ 'అవతల పారెయ్' అంటే అవతల ఇంకో ఊరు ఉంటుంది.

ఇక స్టోర్ రూమ్ సంగతి. రెండు వందల సీసాల్లో అన్నీ ప్రమాదం కాదు. ఉప్పు, గ్లూకోజు, స్టార్చ్, సోడా లాంటివి చాలానే ఉంటాయి. కానీ ఐదో ఆరో నిజంగా చంపగలిగేవి ఉండొచ్చు. వాటిని గుర్తుపట్టి ముట్టుకోకుండా ఉండటమే మొదటి జాగ్రత్త. మూత తిప్పడం, కదిపి చూడటం, వాసన చూడటం, దుమ్ము దులపడం, ఏవీ వద్దు.

మొదటిది ఈథర్. డైఇథైల్ ఈథర్, టెట్రాహైడ్రోఫ్యూరాన్ వంటివి తెరిచి ఏళ్లు గడిస్తే గాలితో కలిసి పెరాక్సైడ్లు తయారవుతాయి. మూత చుట్టూ, సీసా అడుగున తెల్లని స్ఫటికాలు కనిపిస్తే అది బాంబే అనుకోండి. మూత తిప్పినప్పుడు పుట్టే రాపిడి చాలు. రెండోది పిక్రిక్ ఆమ్లం, పసుపు రంగులో ఉంటుంది. పాత జువాలజీ, బయోకెమిస్ట్రీ గదుల్లో కూడా దొరుకుతుంది. తడిగా ఉన్నంతకాలం అది నెమ్మది. ఎండితే పేలుడు పదార్థం. ఇనప మూత ఉంటే ఇంకా చెడ్డది, లోహంతో కలిసి ఏర్పడే లవణాలు ఇంకా సులువుగా పేలతాయి. మూడోది కిరోసిన్‌లో ముంచి పెట్టిన సోడియం, పొటాషియం. కిరోసిన్ ఆరిపోయి పొటాషియం ముక్క మీద పసుపో నారింజో పొర కట్టి ఉంటే దాన్ని కోయడం, గీకడం ప్రాణం మీదికి వస్తుంది. నాలుగోది ఉబ్బిన డబ్బా, ఏదైనా సరే. లోపల వాయువు నిండింది కాబట్టే ఉబ్బింది.

ఇలాంటివి కనిపిస్తే ఆ అర దగ్గరికి ఎవరూ రాకుండా తాడు కట్టి, దూరం నుంచి ఫోన్‌లో ఫొటో తీసి, తలుపు మూసేయండి. వాటిని కదిలించాల్సింది అగ్నిమాపక శాఖ, పోలీసుల బాంబు నిర్వీర్య దళం వంటి వాళ్లు. రిజిస్ట్రార్ రాసి అడిగితే వస్తారు. మీరూ అటెండరు గారూ బకెట్ పట్టుకుని చేయాల్సిన పని కానే కాదు.

గ్లవుజులు ఉన్నాయి కదా అనే ధైర్యం కూడా వద్దు. 1996లో అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీలో కేరెన్ వెటర్‌హాన్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ చేతి గ్లవు మీద డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు విషం చుక్కలు కొన్ని పడ్డాయి. ఆమె ఆ రంగంలో ఆరితేరిన మనిషి, ఆరోజు జాగ్రత్తలన్నీ తీసుకున్నారు కూడా. ఆ ద్రవం లేటెక్స్ గ్లవులోంచి క్షణాల్లో దిగిపోతుందని అప్పటికి చాలామందికి తెలియదు. 1997 జూన్‌లో ఆమె చనిపోయారు. ఏ రసాయనానికి ఏ గ్లవు ఆగుతుందో ఆ సీసాతో పాటు వచ్చే భద్రతా పత్రంలో ఉంటుంది. పేరే తెలియని సీసాకి ఆ పత్రం ఎక్కడ వెతుకుతాం?

మిగతా వాటికి లెక్క రాయండి. ఒక రిజిస్టరు, ఒక పెన్ను, ఫోన్, పక్కన మరో మనిషి. కిటికీలు తీసి ఉండాలి. ఒంటరిగా మాత్రం లోపలికి వెళ్లొద్దు. అర నంబరు, సీసా నంబరు, లేబుల్ మీద ఏముంటే అది, ద్రవమా పొడా, సుమారుగా ఎంత, సీసా పరిస్థితి ఏమిటి. లేబుల్ లేకపోతే 'గుర్తు తెలియదు' అనే రాయండి. రంగు చూసి ఊహించి పేరు రాయొద్దు, తప్పు పేరు రాయడం కన్నా అదే మేలు. పాత కొనుగోలు రిజిస్టర్లు తిరగేస్తే కొన్నింటి పేర్లు దొరుకుతాయి. రిటైరైన స్టోర్ కీపర్ ఆ ఊళ్లోనే ఉంటే ఆయన్ని ఒక పూట పిలవండి. నా అనుభవంలో సగం గుట్టు అలాంటి పెద్దమనిషి నోట్లోనే ఉంటుంది.

రాస్తున్నప్పుడు ఇంకో విషయం గమనించండి. మన స్టోర్లలో సీసాల్ని ఇంగ్లిషు అక్షరాల వరుసలో సర్దుతారు. వెతకడానికి సులువని. దాంతో నైట్రిక్ ఆమ్లం పక్కనే నైట్రోబెంజీన్ వచ్చి కూర్చుంటుంది. ఆ రెండూ పగిలి కలిస్తే పేలే మిశ్రమం అవుతుంది. ఆమ్లాలు ఒక చోట, క్షారాలు ఒక చోట, మండే ద్రవాలు వేరే చోట ఉండాలి. నైట్రిక్, పెర్మాంగనేట్, పెరాక్సైడ్ వంటి ఆక్సీకరణ పదార్థాలు వీటన్నింటికీ దూరంగా ఉండాలి. సైనైడ్ ఉంటే ఆమ్లాల గదిలోనే ఉండకూడదు. సర్దడం మాత్రం మాస్టార్లలో ఒకరు దగ్గరుండి చేయించాలి, మీ ఒక్కరి మీద వేసుకోవద్దు.

ఇంతకీ మీ స్టోర్ ఎక్కడుంది? కింది అంతస్తులో అయితే అది కూడా రాయండి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లకి, 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, 2022 జులైలో కూడా లంకలు మునిగాయి. ఏటిగట్టు ఎంత గట్టిగా ఉన్నా పల్లంలో ఉన్న గదిలోకి వాన నీరైనా వస్తుంది. సోడియానికి నీళ్లు తగిలితే మంట, కార్బైడ్‌కి తగిలితే మండే వాయువు. నేల మీద పెట్టిన, సగం ఖాళీ అయిన యాసిడ్ క్యాన్లు తేలి గోడకి కొట్టుకుంటాయి. నీటితో చర్య జరిపేవి పై అంతస్తుకి వెళ్లాలి. మిగతావి కనీసం మోకాలి ఎత్తు మీద, అంచు ఉన్న ట్రేలలో ఉండాలి. తుఫాను హెచ్చరిక వచ్చాక హడావిడిగా మోయడం కన్నా మే నెలలోనే చేసుకోవడం మంచిది.

అసలు ఇవన్నీ చివరికి ఎక్కడికి వెళ్లాలి? ప్రమాదకర వ్యర్థాల మీద కేంద్రం 2016లో తెచ్చిన నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం వ్యర్థం ఎవరి దగ్గర పుట్టిందో దాని బాధ్యత వాళ్లదే. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి, 90 రోజులకు మించి నిల్వ పెట్టకూడదు, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికే, లోడుతో పాటు పత్రం రాసి పంపాలి. మన రాష్ట్రంలో విశాఖ దగ్గర పరవాడలో అలాంటి కేంద్రం ఉంది. యూనివర్సిటీకి దానితో ఒప్పందం ఉండాలి. మీ ఇంజనీరింగ్ విభాగానికో, దగ్గర్లో ఉన్న మందుల కంపెనీకో ఈ దారి తెలిసే ఉంటుంది, హెచ్‌ఓడీ గారు ఒకసారి అడిగితే చాలు. వాళ్లు బరువును బట్టి డబ్బు తీసుకుంటారు. అందుకే మీ లెక్క పనికొస్తుంది. సీలు తీయనివి, గడువు ఉన్నవి పక్క డిపార్ట్‌మెంటుకి ఇచ్చేయొచ్చు. నిరపాయమైనవి వేరు చేయొచ్చు. మిగిలినదానికే డబ్బు కట్టాలి. బయాలజీ వాళ్ల సూదులు, కల్చర్ ప్లేట్లు ఇందులో కలపొద్దు. వాటికి వేరే నిబంధనలు, వేరే రంగు సంచులు ఉన్నాయి.

పాత సామాన్లవాడి మాటకొస్తే, 2010లో ఢిల్లీ మాయాపురిలో జరిగింది చెబుతాను. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న గామా యంత్రాన్ని వేలంలో అమ్మేశారు. అందులో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. పాత సామాన్ల కొట్లలో దాన్ని విప్పిన పనివాళ్లకి రేడియేషన్ తగిలింది. ఒకరు చనిపోయారు, ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు. అమ్మేముందు అందులోని ఆ పదార్థాన్ని సురక్షితంగా తీయించలేదు, అంతే. మీ దగ్గర సీసాలు కొనే మనిషి వాటిని ఏ కొట్టుకి అమ్ముతాడో, అక్కడ వాటిలో ఏం పోస్తారో ఊహించుకోండి. యాసిడ్ సీసాలో మంచినూనె పోసి అమ్మిన కొట్టు నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు మీ ఉద్యోగం. చేయనని నోటితో చెప్పొద్దు. 'ఇలా చేద్దాం సార్' అని కాగితం మీద పెట్టండి. ఇలా రాయండి: 'సార్, మీరు చెప్పినట్టు స్టోర్ రూమ్ పని మొదలుపెట్టాను. గుర్తు తెలియని సీసాలు ఇన్ని, పేలే స్వభావం ఉందని అనుమానం ఉన్నవి ఇన్ని కనిపించాయి. జాబితా జతచేశాను. వీటిని తీయడానికి నిపుణుల సాయం, మాస్టారి పర్యవేక్షణ కావాలి. అంతవరకు గదికి తాళం వేసి ఉంచమంటారా?' రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ఆఫీసులో ముద్ర వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి. ఇది ఎదురు చెప్పడం కాదు. ఆయన్ని కూడా కాపాడుతుంది, ఏదైనా జరిగితే మొదట అడిగేది ఆయన్నే. నాక్ గురించి ఆయనకి టెన్షన్ ఉంది, సహజం. అయితే నాక్ వాళ్ల ఏడో ప్రమాణం కింద ప్రమాదకర రసాయనాల వ్యర్థాలను ఎలా చూసుకుంటున్నారో వివరించమనే అంశం ఉంటూ వచ్చింది. ఖాళీ గది చూపిస్తే ఆ ప్రశ్నకి జవాబు ఉండదు. జాబితా, తాళం, శుద్ధి కేంద్రానికి రాసిన ఉత్తరం, ఇవి చూపిస్తే ఉంటుంది. ఈ మాట ఆయనతో మెల్లగా అనండి, తప్పకుండా వింటారు. వినకపోతే రిజిస్ట్రార్ ఆఫీసుకి అదే కాగితం కాపీ పంపండి.

మీ ఆయమ్మ సంగతి అడిగినందుకు సంతోషం. చాలామంది అడగరు. చీపురు పెడితే పాదరసం వందల చిన్న పూసలుగా విడిపోయి పగుళ్లలో దూరి, నెలల తరబడి ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరికి రంగూ లేదు, వాసనా లేదు. పీల్చేది రోజూ ఆ గదిలో వంగి ఊడ్చే మనిషే. పగిలిన వెంటనే ఫ్యాన్ ఆపి, కిటికీలు తెరిచి, అందర్నీ బయటికి పంపండి. రెండు గట్టి అట్టముక్కలతో పూసల్ని ఒకచోటికి చేర్చి, డ్రాపర్‌తో పీల్చి, కాస్త నీళ్లున్న ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి. పగుళ్ల మీద గంధకం పొడి చల్లి తర్వాత ఎత్తేయండి. ఆ సీసా కూడా జాబితాలోకే వెళ్లాలి. ఈ పని ఆవిడ చేయకూడదు, నేర్చుకున్నవాళ్లు చేయాలి. వీలైతే పాదరసం థర్మామీటర్లే మానేసి డిజిటల్‌వి తెప్పించండి.

పాదరసం థర్మామీటర్లలోనే ఉంటుందనుకోకండి. నీటి కాలుష్యం కొలిచే సీఓడీ ప్రయోగంలో ఒక్కో శాంపిల్‌కి 0.4 గ్రాముల మెర్క్యురిక్ సల్ఫేట్ వేస్తారు. ముప్పై మంది పిల్లలు ఒక పూట చేస్తే అందులోంచి దాదాపు 8 గ్రాముల పాదరసం మిగులు ద్రావణంలోకి పోతుంది. ఒక జ్వరం థర్మామీటరులో ఉండేది సుమారు ఒక గ్రామే. కాలువ నీరు ఎంత మురికిగా ఉందో చూడటానికి చేసిన ప్రయోగం మిగుళ్లు అదే కాలువలోకి పోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. బురదలో ఉండే సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి, అది చేపల్లో పోగవుతుంది. జపాన్‌లో మినమాటలో 1956లో బయటపడిన జబ్బు మిథైల్ మెర్క్యురీ చేరిన చేపలు తిన్నవాళ్లకి వచ్చిందే. చేప లేనిదే ముద్ద దిగని ఊళ్లు మనవి. ఆ మిగుళ్లని ఒక్క చుక్క కూడా సింకులో పోయకుండా, మూత ఉన్న క్యానులో పట్టించండి. పూర్తిగా నింపకుండా పైన కాస్త ఖాళీ వదిలి, ఏముందో, ఏ తేదీ నుంచి పోస్తున్నారో రాసి అంటించండి. శీతల పానీయాల సీసాల్లో మాత్రం పట్టొద్దు, ఎవరో ఒకరు తాగేస్తారు.

ఇక ఆ రెండు సీసాలు. గాజు సామాను కడిగే నారింజ రంగు ద్రావణమంటే అది క్రోమిక్ ఆమ్లమే అయ్యుంటుంది, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో డైక్రోమేట్. అందులో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ తెస్తుంది, నీళ్లలో తేలిగ్గా కదులుతుంది. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకి 0.05 మిల్లీగ్రాముల క్రోమియం దాటకూడదు. అంటే ఒక గ్రాము చాలు, 20,000 లీటర్ల నీటిని ఆ గీత దాకా తీసుకెళ్లడానికి. మన నల్లమట్టి, అందులోని కుళ్లిన ఆకు అలము కొంత క్రోమియాన్ని పట్టి ఆపుతాయి, కానీ ఎంత ఆపాయో పరీక్ష చేయకుండా చెప్పలేం.

మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. చెప్పింది చేశారు, తప్పని తెలియగానే అడిగారు. దాచిపెట్టడం మాత్రం వద్దు. ఈరోజే వార్డెన్ గారికి చెప్పి ఆ బోరు నీళ్లు తాగడానికి, వంటకి ఆపించండి. పరీక్ష ఫలితం వచ్చేదాకా క్యాన్ నీళ్లు తెప్పించమనండి. గుంత మీద టార్పాలిన్ కప్పి, వాన నీళ్లు అందులోకి పోకుండా చుట్టూ మట్టి గట్టు వేయించండి. కడుగుదామని నీళ్లు పోయొద్దు, అది ఇంకా లోపలికి దించుతుంది. మట్టిని మీరే తవ్వొద్దు. బోరు నీటి శాంపిల్ మీ డిపార్ట్‌మెంటులో కాకుండా బయట, గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబు వంటి చోట, క్రోమియం కోసమని ప్రత్యేకంగా రాసి ఇవ్వండి. మామూలు పరీక్షలో అది చూడకపోవచ్చు. ఒకసారి బాగుందని వస్తే సరిపోదు. భూమిలో నీరు మెల్లగా కదులుతుంది. కాలువలకి నీళ్లు ఆపినప్పుడు ఒకలా, వదిలాక ఇంకోలా ఉంటుంది. వానలు మొదలయ్యాక ఒకసారి, కాలువ వదిలాక ఒకసారి మళ్లీ చేయించండి.

హెచ్‌ఓడీ గారికి ఇచ్చే కాగితంలో మొదటి వాక్యం ఇదే కావాలి: ఏ తేదీన, ఏ ద్రావణం, ఎన్ని సీసాలు, ఏ గుంతలో పోశారు. స్టోర్ రూమ్ జాబితా దాని తర్వాతే.